కదిలితే బొమ్మ రాదు

1979 అక్టోబరు 7, ఆదివారం

నా రాత బాగుండదు. ఏ అక్షరం కింద ఏ ఒత్తు పెట్టాలో నాకు ఇప్పటికీ అనుమానమే. అయిదో తరగతి సగంలో ఉండగా అమ్మకు జబ్బు చేస్తే బడి మానిపించారు. అప్పటి నుంచి ఈ చేతికి నూలు దారమే అలవాటు, కలం కాదు. ఎవరైనా చదివితే తప్పులు మన్నించాలి. అయినా ఎవరు చదువుతారు? అత్తమ్మకు చదువు రాదు. ఆయనకు బొమ్మలు చూడడానికే పొద్దు చాలదు.

ఇవాళ బతుకమ్మ నాటి ఫోటోలు కడిగారు. మా కొత్తవాడ ఆడవాళ్లమంతా చుట్టూ తిరుగుతుంటే సందెవెలుగులో తీసినవి. ఒక్కరి ముఖమూ రాలేదు. అందరం కలిసి ఒక పొగలాగా ఉన్నాం. భారతి ఒక్కతే స్పష్టంగా వచ్చింది. కాలికి ముల్లు గుచ్చుకుందని ఆట ఆపి, ఒంటికాలి మీద నిలబడి నవ్వుతోంది. ఆ నవ్వులో పన్ను మీది పన్ను కూడా కనబడుతోంది.

"నువ్వెక్కడున్నవ్ ఇందుల?" అని ఆయన అడిగారు.

ఉన్నాను. ఎక్కడున్నానో చూపించలేకపోయాను.

భారతి మా పక్కింట్లో కిరాయికి ఉంటుంది. సొంతూరు కేసముద్రం. టెలిఫోన్ ఆఫీసులో పని. సైకిలు మీద పోయి సైకిలు మీద వస్తుంది. చేతికి గడియారం పెట్టుకుంటుంది. ఆమె గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

అక్టోబరు 10

ఆయనకు కొత్త పిచ్చి పట్టింది. చౌరస్తా దగ్గరి స్టూడియోలో పొద్దంతా కుర్చీలో కూర్చున్న వాళ్లను తీసి తీసి విసుగు పుట్టిందట. కదిలేవాటిని పట్టాలట. సెకండ్ హ్యాండులో కొన్న కెమెరా ఒకటి ఇంట్లో ఉంది. నిన్న కోడిని తీశారు, తోక వచ్చింది. మా నాన్న మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే దారపు నాడెను తీశారు, ఏమీ రాలేదు. తర్వాత నా దగ్గరికి వచ్చారు.

నేను రాట్నం ముందు కూర్చుని కండెలకు దారం చుడుతున్నాను. నాలుగిళ్ల మగ్గాలకు నా కండెలే పోతాయి. రాట్నం దగ్గర కూర్చుంటే నాకు ఇంకేమీ పట్టదు.

"నువ్వు తిప్పుతనే ఉండు. ఆపకు" అన్నారు.

తిప్పాను. కెమెరా ఎత్తారు. నా చెయ్యి ఆగిపోయింది.

"ఆపకు అన్న గదా."

మళ్లీ తిప్పాను. మళ్లీ ఎత్తారు. మళ్లీ ఆగింది. నేను ఆపలేదు, అదే ఆగింది. పెళ్లినాడు ఫోటో తీసినాయన "కదలొద్దమ్మా, కదిలితే బొమ్మ రాదు" అని అందరి ముందర అరిచాడు. ఆ మాట నా ఒంట్లో ఉండిపోయింది. ఇంత చేసినా ఆ పెళ్లి ఫోటోలో నా కళ్లు మూసుకునే ఉన్నాయి.

"నీకు కెమెరా అంటె భయమా, నేనంటె భయమా?" అని నవ్వారు.

తల వంచుకున్నాను. అత్తమ్మ గడపలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది.

"అది సిగ్గుపడుతాంది గని, నన్ను తియ్యిరా కిష్టా. నేను కదలనే కదల" అంది.

"నువ్వు కదలవనే తీస్తలేనమ్మా."

"ఓరి నీ! సక్కగ కూసున్నోళ్లను ఇడిసిపెట్టి ఉరికేటోళ్ల ఎంబడి పడుతాండు!"

అత్తమ్మ ఊరికే అన్న మాట. కాని నాకు గుర్తుండిపోయింది.

అక్టోబరు 14, ఆదివారం

ప్రహరీ గోడ అవతల భారతి సైకిలు తుడుచుకుంటోంది. ఇవతలి నుంచి ఆయన అడిగారు.

"జర కోట తొవ్వ మీద సైకిల్ తొక్కుతవా భారతీ? అక్కడ జనం ఉండరు, ఎండ మంచిగుంటది."

"తొక్కుడే గద అన్నా, ఎంతసేపంటె అంతసేపు తొక్కుత. మల్ల ఫోటోల సన్నగ కనవడాలె మరి!"

ఆయన నవ్వారు. అత్తమ్మ కూడా నవ్వింది. నేనూ నవ్వాను.

పొద్దున పోయి ఎండ ముదిరాక వచ్చారు. నాకు అభ్యంతరం ఏముంది? ఆయన పని ఆయనది.

అక్టోబరు 15

అన్నా అని పిలుస్తుంది. పిలవడానికేముంది.

అక్టోబరు 18

అన్నం తింటూ నాకు చెప్పారు. ఇన్నాళ్లూ కెమెరాను కదలకుండా పట్టుకోవడమే పొరపాటట. "ఆమె ఎటు పోతే కెమెర గూడ అటే తిరగాలె. ఆమెతోని సమానంగ తిరిగితె, ఆమె నిలవడ్డట్టు వస్తది. మిగిలిన లోకమంత గీతలైతది." చెబుతూ ఎంగిలి చెయ్యి మెల్లగా గాలిలో తిప్పి చూపించారు. ఆ చెయ్యి గోడ మీది దేవుడి పటాల నుంచి నా మీదుగా పోయి తలుపు దగ్గర ఆగింది.

మిగిలిన లోకంలో నేనున్నాను.

పప్పు వడ్డించాను. చాలు అనలేదు, కంచం నిండిపోయింది.

అక్టోబరు 28, ఆదివారం

వెనక సామాన్ల గది కిటికీకి దుప్పటి కట్టి, ఎర్ర బల్బు పెట్టి అక్కడే ఫోటోలు వేస్తారు. మధ్యాహ్నం పూట నేను సాయం చేస్తాను. బల్ల మీద మూడు పళ్లాలు. మొదటి దాంట్లో బొమ్మ లేస్తుంది. రెండోది నీళ్లు. మూడోది హైపో. హైపోలో తగినంతసేపు ఉంటేనే బొమ్మ నిలుస్తుంది. తొందరపడి తీస్తే అప్పటికి బాగానే కనబడుతుంది, తర్వాత వెలుగు తగిలిన కొద్దీ మచ్చలు పడి నల్లబడుతుంది. మూడో పళ్లెం నాది. చేతులు కుదురుగా ఉంటాయని ఆయన ఆ పని నాకు పెట్టారు.

ఇవాళ తెల్ల కాగితం మీద మొదట రెండు కళ్లు లేచాయి. తర్వాత జడ. తర్వాత సైకిలు హ్యాండిలు మీద ఆమె వేళ్లు. కోట రాళ్లు, చెట్లు, ఆకాశం అన్నీ దువ్వినట్టు గీతలైపోయాయి. ఆమె మాత్రం చెక్కినట్టు ఉంది. చెవి కమ్మ కూడా ఊగకుండా ఉంది.

ఆయన ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆ ఎర్రటి వెలుగులో ఆయన ముఖం అలా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. పెళ్లయి రెండేళ్లయింది.

"చూసినవా, ఎట్ల వచ్చిందో!" అన్నారు.

"మంచిగొచ్చింది" అన్నాను.

ఇంకో కాగితం మీద వెలుగు వేయడానికి ఆయన అటు తిరిగారు. నేను దాన్ని హైపోలో వేశాను. వేసి తీశాను. వెంటనే తీశాను. పక్కన కడిగే బకెట్లో వేశాను.

తర్వాత వచ్చినవి కూడా అలాగే. అన్నిట్లో ఆమే.

చేతులు వణకలేదు. కుదురుగానే ఉన్నాయి.

అక్టోబరు 30

ఫోటోలు తాడుకు వేలాడుతున్నాయి. బాగానే ఉన్నాయి.

నవంబరు 5

నల్లబడ్డాయి. భారతి తనకిచ్చిన ఫోటో తెచ్చి గోడ మీదుగా ఊపింది. బుగ్గ మీద గోధుమ రంగు మచ్చ, మెడ దాకా.

"ఏందన్నా ఇది? ఒట్టిగనే నల్లగుంట, నువ్వు ఇంకింత కాలవెట్టినవ్!"

అత్తమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆయన ఫోటో తీసుకుని ఎండకు పట్టి చూశారు. ఇటు తిప్పి, అటు తిప్పి చూశారు. నేను రాట్నం తిప్పుతూనే ఉన్నాను.

"హైపో పాతదైంది భారతీ. సత్తువ పోయింది. నా తప్పే" అన్నారు.

మొన్ననే కదా కొత్త ప్యాకెట్టు విప్పింది! నేనే విప్పాను. ఆయన మరచిపోయి ఉంటారు.

హనుమకొండలో ఫోటోల పోటీ పెడుతున్నారట. వచ్చే నెల. కదిలే బొమ్మ ఒక్కటైనా అక్కడ గోడకెక్కాలని ఆయన పట్టుదల. ఫిల్ములు ఉన్నాయి కనుక ఇవే మళ్లీ వేసుకోవచ్చు. కాని వద్దట.

"వీటికన్న మంచిది తీస్త. ఆదివారం మల్ల పోదాం."

పోదాం అన్నది నాతో కాదు.

నేను చేసిన పనితో ఇంకో ఆదివారం వాళ్ల చేతికి నేనే ఇచ్చాను.

నవంబరు 8

ఆ గోడకు ఆమె బొమ్మ ఎక్కుతుంది. కింద ఆయన పేరు రాస్తారు. హనుమకొండ అంతా వచ్చి ఆమెను, ఆయన పేరును కలిపి చూస్తుంది. మా ఇంట్లో గోడ మీద ఉన్నది మాత్రం కళ్లు మూసుకున్న నేను.

నాకేం కాదు. ఊరికే రాశాను.

నవంబరు 11, ఆదివారం

కోటలో ఉండే మొగిలమ్మ పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులంటే చూసి వచ్చాను. తొవ్వలో ఎవరూ కనబడలేదు.

నవంబరు 12

నిన్న రాసింది నిజం కాదు. నాకోసం రాసుకునే దాంట్లో కూడా అబద్ధం రాస్తే ఇంక ఎక్కడ చెప్పుకోను?

పెద్దమ్మ ఇంటికి పోలేదు. కోట దర్వాజా దగ్గర రిక్షా దిగి, పడిపోయిన రాళ్ల వెనక కూర్చున్నాను. ఎదురుగా తొవ్వ. ఆయన ఇవతల బీడు చెలకలో మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. భారతి పోతుంది, వస్తుంది, పోతుంది, వస్తుంది. ప్రతిసారీ ఆయన నడుము నుంచి తల దాకా ఆమె వెంట తిరుగుతున్నారు. పొద్దుతిరుగుడు పువ్వు కూడా అంత ఒద్దికగా తిరగదు. ఏదో చెబుతున్నారు, ఆమె నవ్వుతోంది. ఏం చెబుతున్నారో వినాలనిపించింది. కొంచెం ముందుకు జరిగాను. ఇంకొంచెం జరిగాను.

సైకిలు నా దిక్కుకే వచ్చింది. ఆమె నన్ను చూసింది.

"వదినా!" అని గట్టిగా అరిచి బ్రేకు వేసింది.

నేను ఉరికాను. ఎటు ఉరకాలో తెలియక తొవ్వకూ ఆయనకూ మధ్య ఉన్న కాలిబాట వెంట, ఆయన కళ్ల ముందు నుంచే ఉరికాను. కొంగు ముఖానికి కప్పుకున్నాను. కుచ్చిళ్లు ఎడమ చేత్తో ఎత్తి పట్టుకున్నాను. ఒక చెప్పు ఊడింది. ఆగలేదు. చిన్నప్పుడు కూడా అలా ఉరికిన జ్ఞాపకం లేదు.

ముఖం కప్పుకున్నాను కనుక ఆయన గుర్తుపట్టలేదనుకున్నాను. భారతి ఎవరినో చూసి నేననుకుని పిలిచిందని చెబుదామనుకున్నాను. అత్తమ్మ అడిగితే చెప్పు తెగిపోతే పారేశానన్నాను.

ఇవాళ పొద్దున ముగ్గు వేయడానికి తలుపు తీస్తే గడప పక్కన నా రెండు చెప్పులూ జతగా ఉన్నాయి. ఊడిపోయినదాని మట్టి కూడా తుడిచి ఉంది.

ఆయన చాయ తాగి స్టూడియోకు పోయారు. ఒక్క మాట అనలేదు.

నవంబరు 13

అనలేదు.

నవంబరు 14

ఇవాళా అనలేదు. తిడితే బాగుండు.

నవంబరు 15

బట్టలు ఆరేస్తుంటే భారతి గోడ మీద మోచేతులు పెట్టి నిలబడింది.

"వదినా, పిలిస్తె గట్ల ఉరికినవేంది? పులిని జూసినట్టు!"

"నేను కాదు."

"గట్లనా. మరి గా గళ్ల చీర మీ నాయిన మగ్గం మీదిది గాదా? వరంగల్ల ఇంకెవలకున్నది?"

తడి బట్ట పిండుతూ ఉండిపోయాను. పిండడానికి అందులో నీళ్లు లేవు.

"అన్నకు చెప్పు వదినా, ఇగ నాతోని గాదని. తొక్కి తొక్కి పిక్కలు గుంజుతానయ్. ఊకె నీ ముచ్చటే. 'మా ఆమె రాట్నం తిప్పుతుంటె సూడాలె భారతీ, చెయ్యి ఏడున్నదో తెల్వది, గని కెమెర ఎత్తంగనే ఆగిపోతది, నీకు భయం లేదు గాబట్టి నిన్ను అడిగిన' అంటడు. గంతేనాయె నా సంబురం!"

పకపక నవ్వి లోపలికి పోయింది.

అంటే నా సంగతులన్నీ ఆమెతో చెప్పుకుంటున్నారు. నా చెయ్యి ఎలా తిరుగుతుందో ఆమెకు చెప్పారు. నాకెప్పుడైనా చెప్పారా?

నవంబరు 16

నా చెయ్యి ఎక్కడుందో తెలియదన్నారట.

నవంబరు 18, ఆదివారం

సాయానికి రమ్మని పిలిచారు. పోకూడదనుకున్నాను, పోయాను. ఎర్ర బల్బు, మూడు పళ్లాలు. మూడోదాని ముందు నిలబడ్డాను.

మొదటి కాగితాలన్నీ భారతే. ఆయన వాటిని ఎక్కువసేపు చూడలేదు. చివర ఒకటి వేసి, పళ్లెం నా వైపు జరిపి, తాను పక్కకు నిలబడ్డారు.

మొదట ఒక కాలు లేచింది. చెప్పు లేని కాలు. తర్వాత గళ్ల చీర, గళ్లు గళ్లుగా, దారం దారం లెక్కపెట్టేలా. ఎత్తి పట్టుకున్న కుచ్చిళ్లు. ముఖానికి కప్పుకున్న కొంగు గాలికి తొలగింది, అందులోంచి ఒక్క కన్ను. తెరిచే ఉంది. ఎంత పెద్దగా తెరిచి ఉందో!

వెనక కోట లేదు, చెట్లు లేవు, అన్నీ గీతలు. ఆ గీతల్లో ఒక మూల సైకిలు చక్రం లాంటిది, మనిషి లాంటిది. భారతి. ఆమెకు ముఖం లేదు. ఒట్టి గీత.

ఎవరితోనూ చెప్పుకోలేను, ఇక్కడ రాసుకుంటాను. ఆ గీతను చూసి నాకు కడుపు నిండినట్టయింది. తర్వాత సిగ్గేసింది. అయినా ఇంకోసారి చూశాను.

"భారతి ఆగింది" అన్నారు ఆయన మెల్లగా. "నేను ఆగలే. చెయ్యి తిరుగుతనే ఉన్నది. నువ్వు అందులకొచ్చినవ్."

కాగితం చివర పట్టుకుని నీళ్లలో ముంచి, హైపోలో వేశాను. వేళ్లు వణికాయి.

ఆయన ఇంకో ఫిల్ము ముక్క బల్బుకు పట్టి చూస్తూ, నా వైపు తిరగకుండానే అన్నారు.

"దీన్నన్న హైపోల పూర్తిగ ఉండనియ్యి, అనసూర్యా."

నవంబరు 19

ఆయనకు మొదటి నుంచీ తెలుసు. గోడ మీదుగా భారతి ఫోటో ఊపిన రోజే తెలుసు. తెలిసి "హైపో పాతదైంది, నా తప్పే" అన్నారు. అత్తమ్మ ముందర, ఆమె ముందర.

పదేపదే అదే గుర్తొస్తోంది. పప్పు మాడింది.

నవంబరు 20

మొన్న ఆదివారం ఆ ఫోటోను హైపోలోంచి ఎంతకూ తీయబుద్ధి కాలేదని రాయడం మరచిపోయాను. ఆయనే వచ్చి తీశారు.

డిసెంబరు 9, ఆదివారం

పోటీ చూడడానికి హనుమకొండ పోయాం. అత్తమ్మ, నేను, భారతి ఒకే రిక్షాలో ఇరుక్కుని కూర్చున్నాం. ఆయన సైకిలు మీద. ఆ సైకిలు కూడా భారతిదే.

హాలు నిండా జనం. నా బొమ్మ గోడకుంది, అద్దం కట్టి. పక్కనే అత్తమ్మ నిలబడి వచ్చిన వాళ్లందరికీ "మా కోడలే. ఏడికో ఉరుకుతాంది" అని చెబుతోంది. ఎక్కడికి ఉరుకుతోందని ఒకాయన అడిగాడు. "నాకేమెరుక, దాన్నే అడుగు" అంది. నేను స్తంభం చాటుకు పోయాను.

మొదటి బహుమతి వేయిస్తంభాల గుడి నంది ఫోటోకు వచ్చింది.

"కదలని దానికే ఇచ్చిండ్రు సూడు! నేను చెప్పలేదారా? నన్ను తీస్తె నీకే వస్తుండె" అని అత్తమ్మ అందరికీ వినబడేలా అంది. ఆయన కూడా నవ్వేశారు. ఆయనకు ఏమీ రాలేదు. బాధపడ్డట్టు కూడా లేరు.

నేను స్తంభం పక్క నుంచి చూస్తున్నాను. జనం పలచబడ్డాక ఆయన ఆ ఫోటో ముందు ఒక్కరే నిలబడ్డారు. ఎర్ర బల్బు కింద చూసిన ముఖమే. ఊపిరి బిగబట్టిన ముఖం. అద్దం మీద దుమ్ము లేకపోయినా రుమాలుతో తుడిచారు.

భారతి నా పక్కకు వచ్చి, "వదినా, గా ఫోటోల ఆమెను జూసుడే సరిపాయె, నిన్ను జూసుడు మరిసిండు అన్న" అని నవ్వింది.

ఆ మాట అనకపోతే బాగుండేది.

డిసెంబరు 11

ఫోటో ఇంటికి వచ్చింది. పెళ్లి ఫోటో పక్కన మేకు కొట్టి పెట్టారు. స్టూడియోకు పోయేముందు ఒకసారి చూస్తారు. వచ్చాక ఒకసారి చూస్తారు. అన్నం తింటూ కూడా.

దానికి సిగ్గు లేదు. చెప్పు ఊడితే ఊడిందనుకుని ఉరికింది. మొగుడు చూస్తున్నాడని ఆగలేదు. ఒంటికన్ను అంతేసి తెరిచింది. ఎవరిది ఆ కన్ను? అద్దంలో ఎంత వెతికినా నాకు దొరకలేదు.

భారతి మీద ఇప్పుడు నాకేమీ లేదు. నిన్న ఆమెకు పచ్చి పులుసు కూడా పంపాను. గోడ మీది దాని మీదే నా కళ్లన్నీ.

డిసెంబరు 13

పొద్దున ఎండ లోపలిదాకా వచ్చింది. కండెలు చుడుతున్నాను. ఆయన గడపలో కూర్చుని కెమెరా తుడుస్తున్నారు. తుడిచి మెల్లగా ఎత్తారు. చూడకపోయినా నాకు తెలిసింది.

చెయ్యి ఆగబోయింది.

గోడ మీది దాన్ని ఒక్కసారి చూశాను. ఆగితే మళ్లీ పోయి దాన్నే చూసుకుంటారు.

ఆపలేదు. తిప్పాను. దారం తెగింది, ముడి వేసి మళ్లీ తిప్పాను. తల మాత్రం ఎత్తలేకపోయాను. టిక్కుమని వినబడింది. మళ్లీ వినబడింది.

"వచ్చినానా?" అని అడిగాను. రాట్నం మోతలో విన్నారో లేదో. నేనే ఒక మాట ముందు అడగడం ఇదే మొదటిసారి.

"కడిగితె గద తెలిసేది. ఆదివారం చూద్దాం."

చూద్దాం అన్నది నాతోనే.

ఇక్కడితో ఆపుతాను. ఇది ఎవరి చేతికైనా చిక్కితే, చదివినా చదవకపోయినా పొయ్యిలో పెట్టండి. ఆయన చేతికే చిక్కితే ఆయనకు ఈ మాట: మూడో పళ్లెం ముందు నేను చేసిన పని మీకు తెలిసిందేనని నాకూ తెలుసు, అందుకని దీన్ని దాచుకోవద్దు. కాల్చేయండి. గోడ మీది దాన్ని మాత్రం కాల్చొద్దు. దానితో నేను తేల్చుకుంటాను.